మఫ్లర్ తాత ఫ్లాస్కు

"తాతగారూ, ఆగండి! లోపలికి తిండి తేకూడదు!"

లోపల పనిచేసుకుంటున్న అమ్మాయి అరుపుకి ముసలాయన ప్రయోగశాల గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

బయట రోళ్లు పగిలే ఎండ. ఆయన మెడకు ఉన్ని మఫ్లర్, కాళ్లకు మందపాటి మేజోళ్లు, చంకలో నీలం రంగు స్టీలు ఫ్లాస్కు. నడక కాస్త కుంటు.

"సారు ఉన్నారామ్మా?"

"లేరండీ. పెళ్లికని ఊరెళ్లారు."

"ఎప్పుడొస్తారు?"

ఆ సంగతి సారుకే తెలియదు. కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి ఆయన. మర్యాద కోసం అమ్మాయి ఫోన్ చేసింది. అది సారు సొరుగులోనే మోగింది.

అమ్మాయి బాధ అమ్మాయిది. ఎక్కడో మంచు ఎడారి నుంచి వచ్చిన మట్టి. అందులో యుగాలుగా నిద్రపోతున్న సూక్ష్మజీవులను లేపి గాజు పళ్లేల్లో పెంచాలి. అదే ఆమె పరిశోధన. చేరినప్పటి నుంచీ లేపుతూనే ఉంది. వెచ్చగా ఉంచితే చచ్చాయి. మేపితే ఇంకా తొందరగా చచ్చాయి. ఇప్పుడు సీసాలో మిగిలింది చెంచాడు మట్టి. అదీ పోతే పట్టాకు నీళ్లొదులుకోవాల్సిందే.

"లేవండి నాయనా, మీకు పుణ్యముంటుంది" అని రోజూ పళ్లేలను బతిమాలుతుంది.

"ఈ ఫ్లాస్కు ఫ్రిజ్‌లో పెట్టాలమ్మా" అన్నాడు తాత.

"అది సూక్ష్మజీవుల ఫ్రిజ్ తాతగారూ. మనవళ్ల ఐస్‌క్రీములు పెట్టుకునేది కాదు."

"ఇందులో వాళ్లు నిద్రపోతున్నారమ్మా. వేడి తగిలితే తట్టుకోలేరు."

"ఎవరు నిద్రపోతున్నారు?"

"మా పిల్లలు." తాత నవ్వాడు. "సారుకి తెలుసులే. ఆయన చేతికే ఇస్తాను."

పక్క బల్ల దగ్గరి సీనియర్ అన్న, తాతకు కనబడకుండా కణత దగ్గర వేలు తిప్పాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు తాత.

"రాత్రి హోటలువాళ్ల కాళ్లావేళ్లా పడి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టించానమ్మా. సారు వచ్చారా?"

"రాలేదు."

తాత గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

"మన ఏసీ గాలికి అలవాటుపడ్డాడు" అని గొణిగాడు అన్న.

తాత కుర్చీని ఏసీకి దూరంగా, ఎండ పడే చోటికి జరుపుకుని మఫ్లర్ బిగించాడు. అదెవరూ పట్టించుకోలేదు.

"ఏమైనా మొలిచాయామ్మా?"

"మొలవడానికి ఇవేమైనా విత్తనాలా తాతగారూ?"

"ఓపిక పట్టు తల్లీ. అంతకాలం పడుకున్నవాళ్లు పిలవగానే లేస్తారా? పొద్దున నన్ను లేపడానికే మా ఆవిడ తల ప్రాణం తోకకొస్తుంది."

అమ్మాయికి నవ్వొచ్చింది. కానీ నవ్వితే సాయంత్రం దాకా కదలడని ముఖం ముడుచుకుంది.

మూడో రోజు అమ్మాయి గుండె రాయి చేసుకుని ఆ చివరి చెంచాడు మట్టి బయటికి తీసింది. మూతికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి, పళ్లేల్లో సర్దుతోంది.

"నా రైలుకి టైమైందమ్మా. ఇందులో..."

"మాట్లాడకండి! తుంపరలు పడతాయి!"

తాత ఠక్కున నోరు మూసుకున్నాడు. ఫ్లాస్కు చూపించాడు, ఫ్రిజ్ చూపించాడు, చేతులతో నేల తవ్వుతున్నట్టు ఏదో సైగ చేశాడు. అమ్మాయి తలెత్తితేగా! చివరికి తనే చప్పుడు కాకుండా ఫ్రిజ్ తెరిచి, ఫ్లాస్కు లోపల పెట్టి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం ఫ్రిజ్ తెరిచిన అమ్మాయి కెవ్వుమంది.

"అన్నా! బయటి వస్తువు! మన ఫ్రిజ్‌లో!"

మూత తీసి చూసింది. లోపల ముదురు గోధుమ రంగులో ఏదో గడ్డకట్టి ఉంది.

"చెప్పానా? చాక్లెట్ ఐస్‌క్రీమ్!"

"పెద్ద కుక్కర్లో పడెయ్" అన్నాడు అన్న.

అక్కడి నియమం అది. అనుమానం ఉన్న వస్తువేదైనా పెద్ద ఆవిరి కుక్కర్లో ఉడికించాకే పారేయాలి. అందులోకి వెళ్లిన ఏ క్రిమీ ప్రాణాలతో బయటికి రాదు. ఫ్లాస్కులోది ఉడికింది, చెత్తలోకి పోయింది. ఫ్లాస్కు మాత్రం తళతళలాడుతూ మిగిలింది.

తాత వస్తే ఇద్దామని అమ్మాయి దాన్ని బయట గదిలో పెట్టింది. తాత రాలేదు. సారు సొరుగు మాత్రం అప్పుడప్పుడు మోగేది. ఎవరూ తీయలేదు. కొన్నాళ్లకు ఫ్లాస్కులోకి టీ చేరింది. అంత శుభ్రమైన ఫ్లాస్కు ఊరు మొత్తం వెతికినా దొరకదు మరి.

చివరి మట్టీ మొండికేసింది. పళ్లేల్లో చుక్కంటే చుక్క మొలవలేదు. అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది.

పెళ్లి నుంచి ఒక సదస్సుకు, అక్కణ్ణుంచి ఇంకో సదస్సుకు తిరిగి, ఎట్టకేలకు సారు వచ్చాడు. అమ్మాయి బయట గదిలో టీ పోసి ఇచ్చింది.

"మట్టి అయిపోయింది సార్."

"అయిపోనీ. ఇంకా ఉందిగా" అన్నాడు సారు టీ చప్పరిస్తూ.

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడ సార్?"

"నీకు చెప్పలేదూ? చెప్పాననుకున్నానే! ఒకాయన ఇంట్లో ఉంది. ఫ్రిజ్‌లో కూరగాయలకు చోటు లేకుండా చేశాడని వాళ్లావిడ ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది. ఎవరి చేతా పంపడట. తనే ఫ్లాస్కులో పెట్టుకుని తెస్తానన్నాడు. ఇంకా రాలేదా?"

కుక్కర్ మూత బిగించిన తన చేతులను నరికేసుకోవాలనిపించింది అమ్మాయికి.

"ఎవరు సార్ ఆయన?"

"టీ బ్రహ్మాండంగా ఉంది, ఇంకొంచెం పొయ్యి" అంటూ సారు కప్పు ఆ నీలం ఫ్లాస్కు ముందుకు జరిపాడు. "ఆయనా? ఆ మంచులో రెండు కాలివేళ్లు పోగొట్టుకుని, అప్పటి నుంచీ మండుటెండలో కూడా మఫ్లర్ తీయలేక, నీ మట్టిని తవ్వి తెచ్చినాయన."