బయటికి తెరుచుకునే తలుపు

"ఈ మెనూ మన కంప్యూటర్లలోకి ఎవరు తెచ్చిపెట్టారు?"

ఆర్కిటెక్టు గొంతు వినగానే గదిలో మౌసుల టకటకలన్నీ ఆగిపోయాయి. ఆయన చేతిలో కొత్త ఆసుపత్రి ప్లాను ఉంది. బాత్రూం తలుపు కనిపించిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"నేనే సార్," అంది కిటికీ పక్కన కూర్చుని డ్రాఫ్టింగ్ చేసే అమ్మాయి, లేచి నిలబడుతూ.

వాళ్లు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో, తెర పైన వరసగా ఉండే మెనూల చివర 'తలుపులు' అని కొత్తది ఒకటి చేరి కొన్నాళ్లయింది. దాని మీద నొక్కితే కిందికి జారి గది తలుపు, వార్డు తలుపు, బాత్రూం తలుపు అంటూ పేర్లు చూపిస్తుంది. కావలసింది ఎంచుకుని గోడ మీద చోటు చూపిస్తే చాలు. మెనూ వెనకాల రాసిపెట్టిన మ్యాక్రో, అంటే చిన్న ప్రోగ్రాం, తనంతట తనే గోడను కోసి, తలుపు బిగించి, అది ఎటు తెరుచుకుంటుందో వంపుగీత కూడా గీసేస్తుంది. అంతకుముందు ఒక్కో తలుపునీ గీత గీతగా గీసి మెడలు పట్టేసిన వాళ్లంతా ఆ మెనూని వదలడం లేదు. ఆర్కిటెక్టు కూడా అంతే, నిన్నటిదాకా.

"బాత్రూం తలుపు ఎటు తెరుచుకుంటుంది?"

"మామూలుగా అయితే లోపలికి సార్."

"మరి నీ మెనూలో?"

"బయటికి."

"అదే నేననేది. మ్యాక్రోలో ఒక్క తప్పు దొర్లింది, ఆసుపత్రి మొత్తం పాకింది. డాక్టరమ్మగారు సున్నాలు చుట్టి పంపించారు. వెనకాలే ఆవిడా వస్తున్నారు. ఈ పని చేజారితే మనందరం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి."

"తప్పు కాదు సార్. కావాలని పెట్టిందే. ప్లాను మూలలో రాశాను. మీరు చూశారనుకున్నాను."

ఆర్కిటెక్టు ప్లాను మూలకేసి చూశాడు. రాసి ఉంది. ఏదో అనబోయేలోపు తలుపు తోసుకుని డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఆసుపత్రి కట్టిస్తున్నది ఆవిడే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రోగి గదిలోకి బాత్రూం తలుపు తెరుచుకుంటే నర్సు తోసుకొచ్చే ట్రాలీకి అడ్డం కాదూ? ఎవరికి తట్టింది ఈ ఆలోచన?"

"ఇప్పుడే మార్చేస్తామండీ," అన్నాడు ఆర్కిటెక్టు. "ఆ మెనూతోనే తలుపులన్నీ ఒక్కసారిగా తిప్పెయ్యొచ్చు. తిప్పెయ్యమ్మా."

అమ్మాయి మౌసు మీద చెయ్యి వెయ్యలేదు.

"తిప్పుతాను సార్. ముందు మీరొక్కసారి మన బాత్రూంలోకి వెళ్లి, తలుపు వేసుకుని, దానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంటారా?"

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఆర్కిటెక్టు మొహం కందగడ్డలా అయింది. కానీ డాక్టరమ్మ ఆ అమ్మాయినే చూస్తోంది.

"వెళ్లండి," అంది ఆవిడ. "చూద్దాం."

ఆయన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. బాత్రూం ఇరుకు. లోపల ఆయన ఆయాసపడుతూ కూర్చున్న చప్పుడు బయటికి వినిపించింది.

"గడియ తీసే ఉందా సార్?"

"తీసే ఉంది."

"డాక్టరుగారూ, లోపల రోగి పడిపోయాడు. కాళ్లు గోడకి తన్నుకుని ఉన్నాయి. తలుపు తియ్యండి."

డాక్టరమ్మ చేత్తో తోసింది. కదల్లేదు. భుజం పెట్టి తోసింది. కాస్త సందు పడింది గానీ అందులోంచి చెయ్యి కూడా దూరలేదు. లోపలి నుంచి "అబ్బా, నడుం" అని వినిపించింది.

"కొంచెం పక్కకి జరగండి," అంది డాక్టరమ్మ అలవాటుగా.

"సార్ జరుగుతారండీ. స్పృహ లేని మనిషి జరగడు కదా," అంది అమ్మాయి.

డాక్టరమ్మ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

అమ్మాయి ప్లాను పరిచి చూపించింది. తలుపు తెరుచుకున్నా ట్రాలీకి దారి మిగిలేలా ప్రతి గదిలోనూ మంచాన్ని ముందే జరిపి ఉంచింది. డాక్టరమ్మ ఒక్కో గదీ వేలుపెట్టి చూసింది. తర్వాత ఎర్ర పెన్ను తీసి, తను చుట్టిన మొదటి సున్నాని తనే కొట్టేసింది.

"ఇలాగే కట్టండి. స్టాఫ్ బాత్రూంలు కూడా."

ఆర్కిటెక్టు ప్యాంటు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. ఆ మాట చెవిన పడిందేమో, నడుం నొప్పి మరిచిపోయి ఛాతీ విరుచుకున్నాడు.

"మా ఆఫీసు మెనూ అండీ ఇది. ఇంకెక్కడా దొరకదు."

"ఏ పుస్తకంలో చదివావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పుస్తకం కాదండీ. మా అమ్మ అలాగే బాత్రూంలో పడిపోయింది. మేం తోసినకొద్దీ తలుపు ఆవిడకే తగిలింది. చివరికి వడ్రంగిని పిలిచి తలుపు కోయించాం."

డాక్టరమ్మ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. ఆర్కిటెక్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇందాక నోరు జారాను, మనసులో పెట్టుకోకు," అన్నాడు. "కన్నతల్లి పోయిన బాధలోంచి ఇంత పని చేశావు. ఆ తల్లి పైనుంచి చూసి ఎంత గర్వపడుతుందో."

"పైనుంచి కాదు సార్, ఇంట్లోంచి," అంది అమ్మాయి. అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు ఆమె మొహమంతా పరుచుకుంది. "విరిగిన కాలు దిండు మీద పెట్టుకుని, మంచంలో కూర్చుని, ఈ మెనూ మొత్తం రాసింది మా అమ్మే."