తాయారమ్మ దూకిన కాలువ

తాయారమ్మ నటించిన పాత మూకీ సాహస చిత్రంలో మిగిలింది చిన్న రీలు ముక్కే. గుర్రమెక్కిన తాయారమ్మ కాలువ గట్టుకు వచ్చేసరికి అది అయిపోతుంది. దూకడం, పడడం, ఆవిడ కాలు విరగడం ఉన్న మిగతా రీళ్లు ఎప్పుడో తగలబడిపోయాయి. కానీ ఆవిడ ఇంట్లో ఈ కథ ఎవరు చెప్పినా చివర్లో లేచి, ఆవిడలా కుంటి చూపించాల్సిందే. తాయారమ్మ మనవరాలు వరాహమ్మ ఎనభై రెండేళ్లకీ అలాగే చూపించేది.

పోయిన సినిమాలన్నిటినీ ఇప్పుడు ఇళ్లల్లోని తెరగోడలే, లేని భాగం తామే కల్పించి, పూర్తిచేసి ఆడిస్తున్నాయి. వరాహమ్మ కూతురు సుగుణమణి ముచ్చటపడి ఆ ముక్కనూ గోడకిచ్చింది. గుర్రం అవలీలగా కాలువ దాటింది. తాయారమ్మ దిగి, నిటారుగా నడిచి వెళ్లింది.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న వరాహమ్మ చెయ్యి ఆగింది. "మా అమ్మమ్మ పడిపోయింది కదే!"

"పోనీలేమ్మా. ఇందులోనైనా పడకుండా ఉండనీ."

ఆ మాట వరాహమ్మకు ఎంతో నచ్చింది. ఇక రోజూ కూరలు తరుగుతూ అదే పెట్టించుకుంది.

ఏడాది తిరిగింది. తాయారమ్మ పోయిన తిథినాడు భోజనాలయ్యాక, అందరూ కూర్చుంటే వరాహమ్మ కథ చెప్పి లేచింది. రెండడుగులు వేసి నిలబడిపోయింది. తన పాదాల వంక చూసుకుంది.

"ఏ కాలే, మణీ?"

సుగుణమణి చెప్పబోయి ఆగింది. కళ్లు గట్టిగా మూసుకుంది. మూసిన కళ్లలోనూ గుర్రం కాలువ దాటుతూనే ఉంది.