పదకొండో నంబరు

"పదకొండుకే ఇచ్చేద్దాం మాస్టారూ!" లైబ్రేరియన్ ఆ కాగితాన్ని బల్ల మధ్యకు తోసింది. "రేపే బోర్డు రాయించేస్తాను."

"ఇవ్వకూడదు," అన్నారు డ్రాయింగు మాస్టారు.

బడి గ్రంథాలయానికి లోగో కావాలి. బొమ్మ ఉండకూడదు. 'చదువరి' అన్న పేరునే లోగోగా మలచాలి. పోటీకి పిల్లలు పంపిన కాగితాల మీద నంబర్లే ఉన్నాయి. పేర్లేమో అవే నంబర్లు వేసి మూసేసిన కవర్లలో ఉన్నాయి. తీర్పు ఈ ఇద్దరిదీ. నెల్లాళ్ళ సెలవు తర్వాత మాస్టారు బడికి రావడం అదే మొదలు. ఆ సెలవు మాట ఎవరూ ఎత్తడం లేదు.

"ముందు మంచి చెప్పండి," అందామె.

మాస్టారు కాగితాన్ని తలుపుకు గుచ్చి, కిటికీ దాకా వెనక్కి నడిచి చూశారు.

"దూరానికి చక్కగా ఆనుతోంది. ఒక్క నలుపుతోనే పని జరిగింది. 'దు' కొమ్ము సాగి, 'వ' కింద బల్లలా పరుచుకుంది. తెలివైన ఊహ."

"మరింకేం?"

"లోపాలూ ఉన్నాయి." ఎర్ర పెన్ను మూత తీశారు. "పుస్తకాల మీద వేసే ముద్రంత చేస్తే 'చ' కడుపు సిరాతో పూడిపోతుంది. తలకట్లు మూడూ కుడికి జరిగాయి. అక్షరాలన్నీ గబగబా రాసేసి, తలకట్లు చివర్లో ఒక్కసారే పెడితే ఇలాగే అవుతుంది."

"పక్కన కూర్చుని చూసినట్టే చెబుతున్నారే!" ఆమె నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. మూడు తలకట్లకూ మూడు ఎర్ర సున్నాలు చుట్టారు.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు మాస్టారూ. చిన్నపిల్లల పని. చూసీచూడనట్టు పోకూడదూ?"

"పోకూడదు." ఆ గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "నాలుగో నంబరుకివ్వండి. దానికి వంకల్లేవు."

ఆమె ఉసూరుమంది. "సరే, నాలుగే. కానీ దీన్ని గీసిన పిల్లలెవరో, నేనే పిలిచి బుజ్జగిస్తాను పాపం," అంటూ పదకొండో కవరు చించింది. లోపలి చీటీని రెండుసార్లు చదివింది.

"మాస్టారూ... ఇది మీ చిట్టితల్లిది. పిల్ల పోయి నెలయింది. ఈ పేరు రాసిన చెయ్యి... మీదే."

"ఇంట్లో చూడలేకపోయాను మేడమ్." ఆయన పెన్నుకు మూత పెట్టారు. "ఆ రోజు బడికి బయల్దేరుతూ చేతికిచ్చింది. మెచ్చుకోవద్దు నాన్నా, తప్పులు చెప్పు అంది. సాయంత్రం చెబుతానన్నాను."