పూసలు వెయ్యని ఫ్లాస్కు

పూసలు వెయ్యని ఫ్లాస్కులో కూడా సరుకు తయారైంది.

ఆమె ఫ్లాస్కులోంచి ఒక చుక్క తీసి అద్దిన పలకను దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. మచ్చ ఎక్కడికీ పోలేదు. రెండు కర్బనపు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటేనే పడే మచ్చ అది. వాటిని అతికించేది పల్లాడియం. ఆ లోహాన్ని కంటికి ఆననంత నలుసులుగా చేసి పాలిమర్ పూసలకు పట్టించడమే ఆమె పరిశోధన. పని కాగానే పూసలను వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు. పూసలు లేకపోతే మాత్రం ఏమీ జరగకూడదు. థీసిస్ ఇచ్చేముందు ఆ మాట రుజువు చేద్దామనే, మిగతావన్నీ వేసి పూసలు మాత్రం వెయ్యకుండా ఈ ఉత్త ఫ్లాస్కు పెట్టింది.

స్టూలు మీద కూలబడింది. పూసలు ఉన్నా లేకపోయినా ఒకటే అయితే, ఇన్నేళ్ళూ తను చేసిందేమిటి?

వెళ్ళి గైడ్ మేడంకి చెప్పింది. మేడం కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. కోప్పడలేదు. గాజు సామాను యాసిడ్‌తో మళ్ళీ కడగమన్నారు, ద్రావణాలు కొత్త సీసాల్లోంచి తియ్యమన్నారు.

“ఏది వస్తే అదే రాద్దాం. మనకి కావాల్సింది మాత్రం రాయొద్దు,” అన్నారు.

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. ఆమెకి ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ వాళ్ళు ఇంటికి ఫోన్ చేసి, ఎప్పుడు చేరతారని మళ్ళీ అడిగారట. ఏమని చెప్పమంటావన్నాడు. తనకే తెలీదంది.

“తిన్నావా?” అన్నాడు.

“తిన్నట్టే,” అని పెట్టేసింది.

యాసిడ్‌తో కడిగింది. మచ్చ పడింది. కొత్త ఫ్లాస్కు విప్పింది. పడింది. ఫ్లాస్కులో కలిపే పొడులన్నీ పక్క ల్యాబు నుంచి అడిగి తెచ్చి వేసినా పడింది. ఎదుటి బల్ల దగ్గర పనిచేసే బట్టతలాయన, నీ ఫ్లాస్కుకి దయ్యం పట్టిందమ్మా అన్నాడు. నవ్వే ఓపిక లేక ఊ కొట్టింది. రోజులు గడుస్తున్నాయి. ఇంట్లో పాప ఆమె మొహం చూసి, అమ్మా నీకు జ్వరమా అని అడిగింది.

ఒక పొద్దున సింకు దగ్గర సామాను కడుగుతుంటే, అప్పటిదాకా మార్చనిది ఒకే ఒక్కటి చేతికి తగిలింది. ఫ్లాస్కు అడుగున గిరగిర తిరుగుతూ అన్నిటినీ కలిపే అయస్కాంతపు ముక్క. ఏ ఫ్లాస్కు పెట్టినా అలవాటుగా దాన్నే వేస్తూ వచ్చింది. వెలుతురులో పట్టి చూస్తే దాని తెల్లటి పైపొర నిండా సన్నటి గీతలు. గీతల్లో బూడిదరంగు. ఎప్పుడో, ఎవరి ప్రయోగంలోనో అంటుకున్న పల్లాడియం. ఎంత తోమినా వదలడం లేదు.

కొత్త ముక్క వేసి ఉత్త ఫ్లాస్కు పెట్టింది. మచ్చ లేదు. నమ్మబుద్ధి కాక మళ్ళీ పెట్టింది. లేదు.

ఇక మిగిలింది అసలు పరీక్ష. కొత్త ముక్కతో పాటు తన పూసలు వేసింది. ఈసారీ ఏమీ రాకపోతే, ఇన్నాళ్ళూ పని చేసింది ఆ గీతలేగాని తన పూసలు కావని ఒప్పుకోవాలి. పలకను దీపం కింద పెట్టింది.

మచ్చ పడింది. అవే పూసలు వడగట్టి మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది.

గోడకి జారగిలబడింది. తర్వాత భర్తకి ఫోన్ చేసింది. “చేరతానని చెప్పెయ్యండి,” అంది.

పలకలన్నీ తీసుకుని, పాత ముక్కను కాగితంలో చుట్టుకుని మేడం గదికి వెళ్ళింది. జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేడం ఒక్కో పలకా శ్రద్ధగా చూశారు. ప్రయోగాలన్నీ కొత్త ముక్కతో తిరిగి చెయ్యాలని, అయినా నీ పని నిలబడిందని చెప్పి భుజం తట్టారు.

తర్వాత కాగితం విప్పారు. లోపలి ముక్కను గోటితో గీకి చూశారు. ఇది ఎక్కడిదని అడిగారు. తనకి బల్ల ఇచ్చిన రోజు సొరుగులో దొరికిందని చెప్పింది ఆమె. మేడం మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

“పారేసి రానా, మేడం?”

“వద్దమ్మా. ఆ బల్ల ఒకప్పుడు నాది. ఇదీ నాదే. పల్లాడియం అక్కర్లేకుండానే ఆ రెండు కర్బనపు ముక్కలూ అతుక్కుంటాయని చూపించి నేను డాక్టరేట్ తెచ్చుకుంది దీంతోనే.”