ఆరంగుళాల ఎత్తు

“కనిపిస్తున్నానా?”

ముసలాయన గొంతు ఎక్కడో కింది నుంచి వచ్చింది.

స్టీరింగు ముందు కూర్చున్న థేన్ మెడ సాచి చూశాడు. బానెట్ తప్ప ఏమీ కనిపించలేదు.

“లేదు తాతా! దాగుడుమూతలు ఇంటికి పోయి అవ్వతో ఆడుకో!”

షాపులో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

అమెరికాలోని యూటా కొండల్లో, ఆ చుట్టుపక్కల పికప్ బండ్లకి ఎత్తు పెంచే షాపు అదొక్కటే. థేన్ తన బండికి పెద్ద టైర్లు వేయించాలని వచ్చాడు. పెద్ద టైర్లు పట్టాలంటే కిట్ బిగించి బండిని పైకి లేపాలి. ఎంత లేపాలన్నదే తేలడం లేదు. ఒకసారి కూర్చుని చూడమని షాపు ఓనరు లవార్ ఆరంగుళాలు లేపిన బండి ఒకటి ఎక్కించాడు. అంతలో మూల కుర్చీలోంచి ఈ ముసలాయన లేచి వచ్చి, బండి ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఇప్పుడు బంపరు పట్టుకుని మెల్లగా లేచాడు.

“బాబూ, ఇంట్లో చిన్నపిల్లలున్నారా?”

“ఒక పాప. నాలుగేళ్ళు. అయితే?”

“రెండంగుళాలు చాలు. టైర్లు కూడా ఒక సైజు తగ్గించుకో.”

“మా బావమరిది ఆరు పెట్టించాడు. నేను రెండు పెట్టిస్తే వాడి బండి పక్కన నాది బొమ్మబండిలా ఉంటుంది. పైగా జింకల వేటకి కొండెక్కాలి. కింద రాయి తగిలితే నువ్వొచ్చి మోస్తావా?”

“రాయి తగిలితే తెలుస్తుంది బాబూ.”

ఆ మాట థేన్‌కి అర్థం కాలేదు. లవార్ వైపు తిరిగాడు.

“ఏంటన్నా ఈ గోల? బేరాలు చెడగొట్టే మనిషిని కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టావు!”

లవార్ నవ్వలేదు.

“ఆయన చెప్పేది ఆయన చెప్పాడు. నీకెంత కావాలో నువ్వు చెప్పు.”

“ఆరే.”

ముసలాయన వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. 



కొత్త ఎత్తు ఇంట్లో అందరికీ తెగ నచ్చింది. పాప బ్రిన్లీని రోజూ చంకలు పట్టి ఎత్తి సీట్లో వెయ్యాల్సి వచ్చేది. అదొక ఆట దానికి.

ఆ శరత్కాలం ఒక ఆదివారం చర్చికి ఆలస్యమవుతోంది. భార్య ఇంకా ఇంట్లో జుట్టు దువ్వుకుంటోంది. బండి వాకిట్లోంచి కొంచెం ముందుకు తెచ్చి పెడదామని థేన్ ఎక్కాడు. ఇంజను వేశాడు. గేరు మార్చాడు.

ఎదురుగా వాకిలంతా ఖాళీ.

బ్రేకు మీంచి కాలు తీయబోయాడు. తీయలేకపోయాడు.

ఎవరో కింది నుంచి అడిగినట్టయింది.

కనిపిస్తున్నానా?

 పిచ్చి అని తనని తానే తిట్టుకుంటూ ఇంజను ఆపేసి దిగాడు.

బంపరుకి ఆనుకుని, ఆదివారం గౌనులో, బ్రిన్లీ చాక్‌పీసుతో నేల మీద గుర్రాన్ని గీస్తోంది.

“తొక్కకు నాన్నా. ఇంకా తోక వెయ్యలేదు.”

మర్నాడు షాపు తలుపు తీసేసరికే థేన్ అక్కడున్నాడు.

“తీసెయ్యన్నా. రెండంగుళాలది పెట్టు. ముందు ఆ పెద్దాయన ఎక్కడ? ఆయన చేతులు పట్టుకుని ఒక మాట చెప్పాలి.”

“రూలన్ పోయాడు. పోయిన వారమే పూడ్చాం.”

థేన్ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడిపోయాడు.

“మీ నాన్నా అన్నా?”

“కాదు. ఒకప్పుడు మా పక్కింట్లో ఉండేవాడు.”

“ఆయన మాట విని ఎంతమంది వెనక్కిపోయుంటారు! అయినా ఎలా రానిచ్చావు?”

“అసలు షాపే మూసేద్దామనుకున్నా ఒకప్పుడు. ఆయనే వద్దన్నాడు. నువ్వు మూస్తే జనం పక్క ఊరికి పోయి లేపించుకుంటారు, అక్కడ చెప్పేవాడు కూడా ఉండడు అన్నాడు.”

“ఎందుకు మూసేద్దామనుకున్నావు?”

లవార్ పానా తీసుకుని బండి కిందికి దూరాడు. అక్కణ్ణుంచే జవాబొచ్చింది.

“నా చేత్తో నేను మొట్టమొదట లేపింది రూలన్ బండినే. మర్నాడు ఆయన బండి తీసేటప్పుడు దాని ముందు కూర్చుని ఆడుకుంటున్నది మా పాప.”