ఓ పాజిటివ్ పెళ్లికొడుకు

“పాలు వద్దండీ. నాది ఓ పాజిటివ్” అన్నాడు కిజ్జా, టీ కప్పును రెండు చేతులతో మర్యాదగా వెనక్కి జరుపుతూ.

చాప మీద కూర్చున్న ఫెబ్రోనియా కప్పు వైపు చూసి, తర్వాత మేనకోడలి వైపు చూసింది. బబిరే తల వంచుకుంది. కంపాలా నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆ పిల్ల ఒకటే పోరింది. అత్త ఏం పెడితే అది తిను, ఒక్క పూటకి నీ చార్టు మర్చిపో అని.

“పాలకీ దానికీ ఏం సంబంధం బాబూ?”

“బ్లడ్ గ్రూపుని బట్టే తిండండీ. మా మందుల షాపులో చార్టు ఉంది. ఓ గ్రూపు వాళ్లకి మాంసం మంచిది. పాలు, మొక్కజొన్న, వేరుశనగ, పుట్టగొడుగులు పనికిరావు.”

“తింటే ఏమైంది నీకు?”

“ఏమీ కాకూడదనేగా మానేసింది.”

ఫెబ్రోనియా లేచి పెరట్లోకి వెళ్లింది. పెళ్లి మాట తేల్చాల్సింది ఆమే. గండా తెగ వాళ్లలో అది మేనత్త పని, తండ్రి కూడా అడ్డు చెప్పడు. తేల్చాల్సిన వాటిలో మొదటిది గోత్రం. ఒకే గోత్రం వాళ్లు అన్నాచెల్లెళ్ల కింద లెక్క. గోత్రానికి ఏ పేరుంటే దాన్ని ఆ గోత్రం వాళ్లు తినరు. ఫెబ్రోనియా వాళ్లది పుట్టగొడుగు గోత్రం.

పెరట్లో ఆమె భర్త కాటో కట్టెలు చీలుస్తున్నాడు.

“పుట్టగొడుగులు తినడట” అంది ఫెబ్రోనియా. “గ్రూపు, చార్టు అని ఏదో చెబుతున్నాడు గానీ, నాకు వీడు మా గోత్రం వాడేమోనని అనుమానంగా ఉంది.”

“కోతి గోత్రమని చెప్పాడుగా.”

“కోతిని ఎవరు వండిపెడతారు, తింటాడో మానతాడో చూడ్డానికి? పేరుని బట్టి పోల్చుకుందామంటే కిజ్జా. కవలల తర్వాత పుట్టినవాడికి ఏ గోత్రంలోనైనా అదే పేరు. తండ్రి తరఫు వాళ్లెవరూ మిగల్లేదట, మేనమామల దగ్గర పెరిగాడట. నేనెవర్ని అడగను?”

“పెళ్లినాటికి నాకు మాత్రం ఎవరున్నారు?”

“మీ సంగతి వేరు. మా ఇంటికొచ్చిన మొదటి రోజే గిన్నె ఖాళీ చేశారు మీరు.”

అది నిజమే. తనది ఏనుగు గోత్రమని అప్పుడే చెప్పాడు కాటో. వానలు మొదలైతే చాలు, తను రుచి కూడా చూడకుండా, ఫెబ్రోనియా అతని కోసం వేరే గిన్నెలో పుట్టగొడుగులు వండేది. మొగుణ్ని ప్రేమగా చూసుకునే మనిషి, కాదనలేం.

మధ్యాహ్నం అరిటాకు మూట విప్పి, ఆవిరి మీద ఉడికించి మెదిపిన అరటికాయ ముద్ద, మటోకె వడ్డించింది. మేక మాంసం పెట్టింది. వేరుశనగ పులుసులో ఉడికిన పుట్టగొడుగుల గిన్నె తెచ్చి సరిగ్గా కిజ్జా ముందు పెట్టింది.

“అత్తయ్యగారూ, నా గ్రూపుకి...”

“నీ ఒంట్లో రక్తం ఏం తినాలో నీకు చెబుతుందా?”

“చెబుతుందండీ. మీరు మాత్రం ఇవి ఎందుకు తినరు?”

“మా గోత్రం కాబట్టి.”

“అదీ రక్తమేగా.”

కాటో ఫక్కున నవ్వాడు. ఫెబ్రోనియా నవ్వలేదు.

“మాది తాతల నాటి నుంచీ ఉంది. నీది గోడకి అంటించిన కాగితం.”

“కాగితం చూసి నేను మానేశాను, తాతల్ని చూసి మీరు మానేశారు. ఇద్దరం తినట్లేదు కదండీ.”

“మాటలు బాగానే వచ్చు నీకు” అంది ఫెబ్రోనియా. “సూటిగానే చెబుతాను. ఈ గిన్నె ఖాళీ అయితే పెద్దలకి కబురు పెడతాను. లేకపోతే బబిరే ఇక్కడే ఉండిపోతుంది. నువ్వొక్కడివే బస్సెక్కు.”

రెండేళ్ల ప్రేమ కూర గిన్నె దగ్గర ఆగిపోవడం బబిరేకి భయంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. “ఒక్క పూటే కదా, కిజ్జా” అంది మెల్లగా.

కిజ్జా ఆమె వంక ఒకసారి చూసి ముద్ద కలిపాడు. మొదటి ముద్ద బుగ్గలోనే ఉండిపోయింది.

“నమలకు” అన్నాడు పక్కనే కూర్చున్న కాటో, గొంతు తగ్గించి. “మింగేసి పైన నీళ్లు తాగు. నాలుగో ముద్దకి అలవాటవుతుంది.”

చెప్పినట్టే చేశాడు కిజ్జా. నుదుటి మీద చెమట పట్టింది గానీ చెయ్యి ఆగలేదు. ఫెబ్రోనియా రెప్ప వెయ్యకుండా చూస్తోంది. తమ గోత్రం వాళ్లు తింటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయని చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పింది. కిజ్జా మెడ మీద గానీ, చేతుల మీద గానీ ఏమీ లేవలేదు. గిన్నె అడుగు కనిపించింది.

ఫెబ్రోనియా మేనకోడల్ని దగ్గరికి తీసుకుంది. “వచ్చే నెల రమ్మను, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని” అంది. బబిరే ఆనందంతో ఏడ్చేసింది.

సాయంత్రం ఇద్దర్నీ బస్సెక్కించి వచ్చాక, పొయ్యి మీద మిగిలిన పుట్టగొడుగులన్నీ ఊడ్చి భర్త పళ్లెంలో వేసింది ఫెబ్రోనియా.

“అనవసరంగా అనుమానించాను. పాపం, ఆ అబ్బాయిది నిజంగా చార్టు పిచ్చే. మా గోత్రం వాడైతే చచ్చినా ఒక్క ముక్క మింగలేడు.”

“మింగగలడు” అన్నాడు కాటో.

“మీకెలా తెలుసు?”

కాటో పళ్లెం పక్కకి జరిపాడు.

“ముప్పై రెండేళ్లుగా నేను మింగుతున్నానుగా.”