బసప్పకిచ్చిన మాట

“మీరిద్దరూ పోండి. మూడో శాల్తీ బయటే,” అన్నాడు లేపాక్షి గుడి వాకిట్లో కావలాయన, కర్ర అడ్డం పెట్టి.

“ఒక్క గడియప్పా. మా బసప్ప. పొద్దున్నించి నడిచొచ్చినాడు. వేలాడే స్తంభం చూసి వచ్చేస్తాడు,” సుంకప్ప బతిమాలినాడు.

“నాతో ఎగతాళా? తరతరాలుగా లేని ఆచారం నాతో మొదలుపెట్టిస్తావా? నా ఉద్యోగం ఊడుతాది.”

చెప్పులు విప్పుతున్నవాళ్లు నవ్వినారు. ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. బసప్ప మాత్రం తల దించుకుని నిలబడినాడు. ఎవరేమన్నా ఎదురు చెప్పడం వాని పుట్టుకలోనే లేదు.

“నేను వాని దగ్గర కూర్చుంటా. నువ్వు చూసొచ్చి చెప్పు,” అంది సుంకప్ప పెండ్లాము సిద్దమ్మ.

బసప్ప ఆ ఇంటికి వచ్చి పదహారేండ్లు. వచ్చేనాటికి ఇంకా పసితనం పోలేదు. ఆనాటి నుంచి చేన్లో దుక్కికీ వాడే, ఇంటికి పంట చేర్చడానికీ వాడే. సిద్దమ్మకు నొప్పులొచ్చిన రోజు వంక పొంగి పారుతాంటే, అందరూ గట్టున నిలబడి అయ్యో అంటాంటే, ఎదురీది ఆమెను ఆస్పత్రికి చేర్చిందీ వాడే. ఆ రోజే సుంకప్ప వాని మెడ పట్టుకుని ఏడుస్తా మాటిచ్చినాడు. “నీ పేరింటోణ్ణి, ఆ లేపాక్షి బసవన్నను, ఒకసారి చూపిస్తానురా.” పంట బాగా పండిన ఏడు పోదామనుకున్నాడు. పండితే కదా!

మూడేండ్లుగా వాన మొగం చూసినోడు లేడు. సెనక్కాయ విత్తనం మన్నులోనే మాడిపోయింది. పోయిన ఏడు జతగాడు పోయినంక బసప్ప సగం తిండి మానేసినాడు. ఊర్లో గంజి కేంద్రం కూడా మూసేసినారు. రేపు మొగుడూ పెండ్లాలిద్దరూ బెంగళూరుకు బిల్డింగు పనికి పోతాండారు. బసప్పను ఆడ ఎవరు పెట్టుకుంటారు? అందుకే ఈ సాయంత్రం హిందూపురం దావలో మారెప్ప లారీ ఎక్కించాల. ఆ లారీ కేరళకు పోతాది. ఆలోపల మాట చెల్లించుకోవాలని సుంకప్ప ఆరాటం.

లోపల జనం వేలాడే స్తంభం కింద గుడ్డలు దూరుస్తాండారు. సుంకప్ప తన తువ్వాలు తీసి ఈ పక్క దూర్చి ఆ పక్క లాగినాడు. గోడ దగ్గర ఎవరో తన పిల్లలకు కథ చెప్తాండాడు. “ఖజానా సొమ్ముతో ఈ గుడి కట్టించినందుకు రాజు కండ్లు పీకిస్తాడని తెలిసి, విరూపణ్ణ తన కండ్లు తానే పీక్కుని ఈ గోడకు కొట్టినాడంట. అవే ఈ ఎర్రమరకలు.”

సుంకప్ప ఆ మరకల ముందు చానాసేపు నిలబడినాడు. పుణ్యాత్ముడు, ఆ తర్వాత దేన్నీ చూడాల్సిన పనిలేకుండా చేసుకున్నాడు అనుకున్నాడు.

బయటికొచ్చి, బసప్ప మెడ మీద మోతలకు కాయకట్టిన చోట తువ్వాలు కప్పినాడు.

“స్తంభం కింద దూర్చిన గుడ్డరా ఇది. నువ్వు చూసినట్టే లెక్క. సీతమ్మ పాదం ఉండాది, మన ఇంటి గుమ్మమంత. ఈ కరువులో కూడా దాంట్లో తడి ఉండాది, చూడు!”

బసప్ప సుంకప్ప చెయ్యి వాసన చూసినాడు.

“కుంకుమ వాసన లేరా,” అన్నాడు సుంకప్ప.

పెద్ద బసవన్నను చూడ్డానికి ఎవర్నీ అడుక్కోవాల్సిన పనిలేదు. రోడ్డు మీంచే కనపడతాడు. మెడలో గంటల దండతో, రాతిలోనే ఒళ్లంతా నిగనిగలాడతా కూర్చున్నాడు.

“ఎందుకింత బలిసినాడో తెలుసునా?” అన్నాడు సుంకప్ప. “ఒక్కనాడూ చేన్లో దిగినోడు కాదు!”

సిద్దమ్మ నవ్వింది. నవ్వుతానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. బసప్ప మాత్రం కదలకుండా ఆ రాతి మొగం వైపే చూస్తా నిలబడినాడు. సుంకప్ప తొందరపెట్టలేదు.

“మాట చెల్లించినా కదరా,” అన్నాడు చివరికి. “ఇంక నన్ను తిట్టుకోవద్దు.”

ముగ్గురూ హిందూపురం దావ పట్టినారు. బసప్ప మోకాళ్లు పట్టేసినాయి. పది అడుగులకోసారి ఆగాల్సి వస్తాండాది.

“కేరళలో ఎప్పుడూ వానలేనంట గదా?” అడిగింది సిద్దమ్మ.

“ఊ.”

“అంతా పచ్చగా ఉంటాదంట. కడుపునిండా తింటాడు.”

“ఊ.”

“ముసలోనికి పని చెప్పి చంపరు గదా?”

“పనేమీ చెప్పరు,” అన్నాడు సుంకప్ప, ఆమె మొగం చూడకుండా.

చింతమాను కింద లారీ ఆగి ఉండాది. మారెప్ప వాచీ చూసుకుంటా ఎదురొచ్చినాడు.

“ఏమప్పా, ఇంతసేపా? యాడ తిరుగుతాండారు?”

“లేపాక్షి చూపించుకొచ్చినామన్నా.”

“వీనికా?” మారెప్ప నవ్వబోయి, సుంకప్ప మొగం చూసి ఆగిపోయినాడు. బసప్ప పక్కటెముకల మీద చెయ్యేసి చూసి పెదవి విరిచినాడు. “సరే, ఎక్కించు.”

“ఆ తువ్వాలు వానితోనే పోనీన్నా.”

మారెప్ప ఒక డబ్బా మూత తీసి కుంచె ముంచినాడు. సుంకప్పకు గుడి గోడ మీది మరకలు గుర్తొచ్చినాయి. కండ్లు గట్టిగా మూసుకున్నాడు.

మారెప్ప బసప్ప కొమ్ములకు కబేళా గుర్తు ఎర్రరంగు పూసినాడు.